గాయ మొకటే, ఖర్చులు వేరు
(షోలాపూరులో ఉగాది సభయందు చేసిన ప్రసంగము)



ఉగాది పచ్చడి తిని, పంచాంగ శ్రవణము చేసి కూర్చున్న వేళ గాయములు, ఆసుపత్రులు అను మాట ఎత్తవచ్చునా అని ఒకరిద్దరు పెద్దలు మమ్ము అడిగినారు. పంచాంగములో ఆదాయ వ్యయములు చదివినప్పుడు ఎవరును నొచ్చుకొనరు గదా! మేము చెప్పబోవునది ఆ వ్యయములలోని ఒక పద్దు మాత్రమే.

మేము రైల్వేలో గుమాస్తాగా పనిచేయుచున్నాము. మెట్రిక్ వరకే చదివినాము. వైద్యము మాకు తెలియదు. కాగితములు మాత్రము కొంత తెలియును.

గత వర్షాకాలములో ఒకే వారమున మేమెరిగిన ఇద్దరికి ముంజేయి విరిగినది. ఒకరు మా తోటి ఉద్యోగి. పనిలో ఉండగా యార్డులో జారిపడినారు. రెండవవాడు మా వీధి కుర్రవాడు, పవర్‌లూము పనివాడు. మగ్గము బెల్టులో చేయి చిక్కినది. ఇద్దరికిని ఆపరేషను చేసి ప్లేటు వేసినారు. ఉద్యోగికి రైల్వే ఆసుపత్రిలో వైద్యము జరిగినది. చేతి డబ్బు పడలేదు. మంచము మీద నున్న దినములకు జీతము కూడ వచ్చినది. కుర్రవానికి ప్రైవేటు ఆసుపత్రిలో 64,000 రూపాయలు బిల్లు అయినది. మూడు నెలలు కూలి లేదు. తల్లి బీడీలు చుట్టి కూడబెట్టి చేయించుకొన్న గాజులు తాకట్టుకు పోయినవి. నేటికిని ఇంటికి రాలేదు.

ఆ కుర్రవానిని ఆటోలో కూర్చుండబెట్టి ఆ ఆసుపత్రికి తీసుకొనిపోయినది మేమే. దగ్గర గదా అని పోయినాము. వారి ఇంట రేషను కార్డు ఉన్నది. సివిల్ ఆసుపత్రి అదే ఆటోలో పోదగిన దూరమున ఉన్నది. ఆఫీసులో పదిమంది మెడికల్ కాగితములు సరిచూచు మాకు ఆ క్షణమున ఒక్క ప్రశ్న అడుగవలెనని తోచలేదు. ఆ తల్లి మమ్ము ఒక్క మాట అనలేదు. అందుచేతనే ఈ ప్రసంగము.

ఎముక విరిగినప్పుడు ధనిక పేద భేదము లేదు. బిల్లు వచ్చునప్పుడే ఆ భేదము కానవచ్చును. 2017-18లో కేంద్ర ప్రభుత్వము చేయించిన జాతీయ నమూనా సర్వేలో, ఒకసారి ఆసుపత్రిలో చేరినందుకు కుటుంబము భరించిన సగటు వైద్యపు ఖర్చు ప్రభుత్వ ఆసుపత్రిలో 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845 రూపాయలు అని తేలినది. ఇది గాయములకే గాక అన్ని జబ్బులకు కలిపిన లెక్క. పోయిన కూలి ఇందులో చేరదు.

మనవారిలో ఎవరికి ఏ ఆధారమున్నదో చూతము. రైల్వేవారికి రైల్వే ఆసుపత్రి ఉన్నది. మిల్లులలో రిజిస్టరు కెక్కినవారికి 1952లో ఆరంభమైన ఇ.ఎస్.ఐ. ఉన్నది; వైద్యముతోపాటు సెలవు దినములకు కొంత సొమ్ము ఇచ్చును. పనిలో గాయపడినవానికి యజమాని పరిహారమీయవలెనను చట్టము 1923 నాటిది. ఆ నియమములు 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో చేరినవి. అయితే రిజిస్టరులో పేరు లేని మగ్గపు కూలి, తాను అక్కడ పనిచేసినట్లు రుజువు చేయుటకే చెప్పులరిగిపోవును.

అట్టివారికి రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకము ఉన్నది. 2012లో రాజీవ్ గాంధీ పేరున మొదట 8 జిల్లాలలో ఆరంభమైనది. అందులో మన షోలాపూరు ఒకటి. 2017లో మహాత్మా జ్యోతిరావు ఫూలే పేరు పెట్టినారు. కుటుంబమునకు ఏటా 5 లక్షల వరకు, రాష్ట్రములోని కుటుంబములన్నిటికి వర్తింపజేయవలెనని 2023లో నిర్ణయించినారు. కాని పథకములో చేరిన ఆసుపత్రికే పోవలెను. అచట ఆరోగ్యమిత్ర అను ఉద్యోగి కూర్చుండును, ముందతనిని చూడవలెను.

స్నానాల గదిలో జారి తుంటి విరుగగొట్టుకొను మన ముసలి తల్లుల సంగతి వేరు. వారికి నెలల తరబడి మంచమే గతి. 70 ఏండ్లు దాటినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరు 29 నుండి ఇచ్చుచున్నారు. రోడ్డు ప్రమాదమునకు మరొక దారి: 2025 మే 5 నాటి ఉత్తర్వు ప్రకారము ప్రమాద దినము మొదలు 7 దినముల వరకు, లక్షా యాబది వేల మేరకు, ముందుగా సొమ్ము కట్టకుండ వైద్యము. ఇది మగ్గపు గాయమునకు చెల్లదు. మోటారు వాహనము వలన రోడ్డుపై కలిగిన గాయమునకే.

ఇవన్నియు ఉన్నను పోయిన కూలిని ఏ కార్డును తెచ్చి ఇవ్వదు. అది వేరుగా పోరాడవలసిన మాట. ఈలోగా మన చేతిలో ఉన్న పని చేయుదము. సంఘ భవనమున ప్రతి ఆదివారము ఉదయము మేము రెండు గంటలు కూర్చుందుము. రేషను కార్డు, ఆధారు కార్డు తీసికొనిరండి. పేర్లు సరిగా ఉన్నవో లేవో చూచి, కావలసిన దరఖాస్తులు వ్రాసి ఇత్తుము. మరాఠీ బాగుగా వచ్చిన యువకులు ఇద్దరు తోడు రావలెను. పథకములో చేరిన ఆసుపత్రుల పేర్లు పెద్ద అక్షరములతో తెలుగులో వ్రాసి ప్రతి వీధిలో అంటింపవలెను. ఆ గాజులు విడిపించుటకు మా వంతు సొమ్ము ఈ దినముననే కార్యదర్శిగారి చేతికి ఇచ్చినాము. తోచినవారు తోచినంత చేర్చగలరు.

ఈ కొత్త యేడు మన ఇండ్లలో ఎవరికిని గాయము కాకుండుగాక! అయినచో, మాకు జరిగిన పొరపాటు మరి యొకరికి జరుగకుండుగాక! సెలవు.