ఇంటి భాషకు ఒక పత్రిక కావాలి
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి ఏడూ ఈ వేదిక మీద చదువుల సాయం, వైద్య సాయం లెక్కలు చెబుతుంటాం. ఈరోజు ఏ లెక్కలోకీ రాని ఒక ఆస్తి గురించి మాట్లాడదలిచాం. అది మన ఇంటి భాష.

వాల్మీకిపురం కానీ, మదనపల్లె, పుంగనూరు, కుప్పం కానీ, మన ఇళ్ళలో దక్కనీ వినపడుతూనే ఉంది. ‘హౌ’ అంటాం, ‘నక్కో’ అంటాం. పిల్లలు బడిలో తెలుగు, ఇంగ్లీషు చదువుతారు, మదరసాలో అరబ్బీ ఓదుతారు. ఉర్దూ పేజీ ఇస్తే మాత్రం చాలామంది తెల్లబోతారు. దాదా రాసిన ఉత్తరం పెట్టెలో భద్రంగా ఉన్నా, మనవడికి అది ఒట్టి కాగితమే.

మన దక్కనీ కూడా వలస వచ్చిన భాషే. 1327 ప్రాంతంలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని దౌలతాబాదుకు మార్చినప్పుడు ఢిల్లీ నుంచి వచ్చినవారి మాట ఇక్కడి మరాఠీ, తెలుగు, కన్నడాలతో కలిసి పెరిగింది. మన ‘నక్కో’ మరాఠీ ‘నకో’కు చుట్టమే. గోల్కొండ సుల్తాను ముహమ్మద్ కులీ కుతుబ్ షా ఈ భాషలో కవిత్వం చెప్పాడు. ముల్లా వజ్హీ 1635లో ‘సబ్‌రస్’ అనే వచన గ్రంథం రాశాడు. బీజాపూరు సూఫీలు తిరగలి తిప్పే ఆడవాళ్ళు పాడుకోవడానికి చక్కీనామాలు కట్టారు.

ఈ సంపద మనదాకా రావడం వెనుక కొందరి కష్టం ఉంది. 1931లో డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్, ఆయన మిత్రులు హైదరాబాదులో ఇదారె అదబియాతె ఉర్దూను స్థాపించి పాత చేతిరాత ప్రతులను పోగుచేశారు. 1938లో పత్రిక పెట్టి, వజ్హీ పుస్తకం మీద గౌరవంతో దానికీ ‘సబ్‌రస్’ అనే పేరే పెట్టారు. 1940లో కులీ కుతుబ్ షా కవితలను జోర్ గారు అచ్చు వేయించారు. 1968లో అదే నగరంలో ‘షగూఫా’ అనే హాస్య మాసపత్రిక పుట్టింది.

ఇలాంటి కథే దూరదేశంలోనూ జరిగింది. తూర్పు యూరప్ నుంచి అమెరికా వెళ్ళిన యూదుల ఇంటి భాష యిద్దిష్. వారు 1897లో న్యూయార్కులో ‘ఫోర్వెర్ట్స్’ పత్రిక పెట్టారు. ఒకప్పుడు అది రెండు లక్షల ప్రతులు దాటింది. అందులో కథలు రాసిన ఐజాక్ బషెవిస్ సింగర్‌కు 1978లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే అమెరికాలో పిల్లలు ఇంగ్లీషుకు మళ్ళారు. యూరప్‌లో ఆ భాష మాట్లాడే లక్షలమందిని నాజీలు చంపేశారు. చదివేవారు తగ్గిపోయి, 2019లో అచ్చు పత్రిక ఆగింది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో నడుస్తోంది. గొప్ప రచయితలున్న పత్రికకైనా చదివే పిల్లలే ఊపిరి.

అందుకే మా మనవి. ఈ వార్షిక సంచికలో కొన్ని పేజీలు దక్కనీకి కేటాయిద్దాం. నానీ, దాదీలు చెప్పే కథలు, షాదీ పాటలు, లాలిపాటలు పిల్లల చేతనే రాయిద్దాం. ఒక పక్క ఉర్దూ లిపిలో, ఎదురు పేజీలో తెలుగు లిపిలో వేద్దాం. తెలుగు అక్షరాల్లో తమ ఇంటి మాట చదివిన పిల్లవాడు, రేపు ఎదురు పేజీ కూడా నేర్చుకుంటానంటాడు.

ఖర్చు సంగతి దాపరికం లేకుండా చెబుతున్నాం. జకాత్ పేదల హక్కు. అందులోంచి ఒక్క రూపాయి కూడా దీనికి వాడబోము. ఇష్టపడి ఇచ్చే చందాతోనే ఈ పని జరగాలి, దాని పద్దు వేరుగా అచ్చు వేస్తాం. డబ్బు ఇవ్వలేనివారు ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన ఒక గంట కూర్చుని, ఒక పాట రాసి పంపండి. అదీ చందాయే. ఆ పెద్దవాళ్ళు మన మధ్య ఉన్నప్పుడే ఈ పని కావాలి.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.