దయ చాలదు, చట్టం కావాలి

(సమాఖ్య ప్రతినిధుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



వేతనాలు, పింఛను గురించి చర్చించుకునే ఈ వేదికపై శరణార్థుల ప్రస్తావన ఎందుకని కొందరు అడగవచ్చు. మన రెండు శాఖలకు ఈ ప్రస్తావన కొత్తది కాదు. దేశ విభజన తరువాత కలకత్తాలోని సియాల్దా స్టేషన్ ప్లాట్‌ఫారాలపై తూర్పు బెంగాల్ కుటుంబాలు తలదాచుకొన్నప్పుడు, వారి మధ్యనే బండ్లు నడిపినవారు రైల్వే కార్మికులు. 1971లో సుమారు కోటి మంది మళ్లీ తరలివచ్చినారు. ఆ ఏడాది నవంబరు నుండి ఉత్తరాలపై అయిదు పైసల శరణార్థి సహాయ బిళ్ల అదనంగా అంటించవలసి వచ్చినది. 1973 వరకు ఆ నిబంధన సాగినది. ఆ బిళ్లలను అమ్మినవారు, వాటిపై ముద్ర కొట్టినవారు తపాలా ఉద్యోగులు.

మన తెలుగువారూ ఈ బాధ ఎరిగినవారే. 1962లో బర్మాలో సైనిక పాలన వచ్చి, దుకాణాలు, వ్యాపారాలు జాతీయం అయిన తరువాత లక్షల మంది భారతీయులు కట్టుబట్టలతో తిరిగివచ్చినారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు నేటికీ నిలిచి ఉన్నది.

ఇంత దయ చూపిన దేశంలో, శరణార్థి అంటే ఎవరో చెప్పే చట్టం మాత్రం లేదు. 1951 నాటి శరణార్థుల అంతర్జాతీయ ఒడంబడికపై భారతదేశం సంతకం చేయలేదు. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుండి కొత్త చట్టం అమలులోకి వచ్చినది. అందులోనూ శరణార్థికి నిర్వచనం లేదు. ప్రాణభయంతో పారిపోయి వచ్చినవాడు, వీసా గడువు దాటి ఉండిపోయినవాడు ఆ చట్టం దృష్టిలో ఒకే కోవకు చెందుతారు. కొందరికి ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా మినహాయింపు ఇవ్వవచ్చు; కాని మినహాయింపు హక్కు కాదు.

అందువలన టిబెటన్లకు ఒక పద్ధతి, శ్రీలంక తమిళులకు వేరొక పద్ధతి. ఆఫ్ఘనిస్తాన్, మయన్మార్ నుండి వచ్చిన అనేకులకు ఐక్యరాజ్యసమితి శరణార్థుల కార్యాలయం ఇచ్చే కార్డే దిక్కు. 2019 నాటి పౌరసత్వ సవరణ చట్టం మూడు దేశాల నుండి వచ్చిన ఆరు మతాలవారికి దారి తెరిచినది; శ్రీలంక తమిళులకు, రోహింగ్యాలకు తెరవలేదు. 1983 తరువాత వచ్చిన తమిళుల బిడ్డలు తమిళనాడు శిబిరాలలోనే పుట్టి పెద్దవారైనారు. జీవించే హక్కు పౌరులకే గాక ప్రతి మనిషికీ ఉన్నదని 1996లో చక్మాల కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. అయితే కోర్టు మెట్లు ఎక్కగలిగినవారు ఎందరు?

"మన పిల్లలకే ఉద్యోగాలు లేవు గదా" అని మన సభ్యులే అంటున్నారు. ఈ మాటను తోసివేయరాదు, నిరుద్యోగం నిజం. కాని ఆలోచించండి. కాగితం లేని మనిషి ఎంత కూలికైనా ఒప్పుకొంటాడు. కూలి ఎగవేసినా ఫిర్యాదు చేయలేడు. ముందుగా అతనినే కాగితం అడుగుతారు. కాంట్రాక్టరు కోరుకొనేది ఇటువంటి నోరులేని కార్మికుని. అతనిని చూపి మన కాంట్రాక్టు కార్మికుని కూలి కూడా తగ్గిస్తాడు. మన కూలికి ఎసరు పెట్టేది శరణార్థి కాదు, అతని నిస్సహాయత. హక్కు ఉన్నవాడు సంఘంలో చేరి, మన పక్కన నిలబడగలడు.

దేశ భద్రతను మనం కాదనడం లేదు. వచ్చినవారిని నమోదు చేసి, విచారించే పద్ధతి ఉంటేనే ఎవరెవరో తేలుతుంది. 2015లో ఆశ్రయం గురించి ఒక అనధికార సభ్యుని బిల్లు లోక్‌సభ ముందుకు వచ్చినది, చట్టం కాలేదు. కనుక మన సమాఖ్య నాలుగు కోర్కెలను ముందుంచాలి.

ఒకటి: మత, దేశ భేదం లేకుండా శరణార్థికి నిర్వచనం ఇవ్వాలి.
రెండు: దరఖాస్తుపై గడువులోగా విచారణ, అప్పీలు ఉండాలి.
మూడు: విచారణ తేలేవరకు పని చేసుకొనే అనుమతి, కనీస వేతన రక్షణ ఉండాలి.
నాలుగు: ప్రాణహాని ఉన్నచోటికి ఎవరినీ తిప్పి పంపరాదు.

సోదరులారా, ఆనాడు అయిదు పైసల బిళ్ల అంటించి ఈ దేశ ప్రజలు తమ వంతు బాధ్యత తీర్చుకొన్నారు. పార్లమెంటు తన వంతు బాధ్యత ఇంకా తీర్చవలసి ఉన్నది. ఆ సంగతి గుర్తుచేయడం మన కర్తవ్యమని మనవి చేస్తూ సెలవు తీసుకొంటున్నాను.