కనురెప్ప మీద కాయ

కనురెప్ప మీద శనగగింజంత కాయ లేచిందనుకోండి. ఇంట్లో ఒకరు "కంటికురుపు, రెండ్రోజుల్లో అదే పోతుంది" అంటారు. ఇంకొకరు సున్నం పెట్టమంటారు. సున్నాన్ని మాత్రం కంటి దరిదాపులకు రానివ్వకండి. నల్లగుడ్డు మీద పడితే చూపుకే మోసం.

రెప్పమీద లేచినవన్నీ ఒకటి కావు. కంటికురుపు వెంట్రుకల మొదట్లో ఎర్రగా లేస్తుంది, సలుపుతుంది, ముట్టుకోనివ్వదు. నొప్పీ గిప్పీ లేకుండా రెప్పలో గట్టిగా గోలీలా తగిలితే అది చాలావరకు కెలేజియన్. మన రెప్పల్లో వరసగా సన్నని నూనె గ్రంథులున్నాయి. 1666లో మైబోమ్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించాడు కనుక వాటికి ఆయన పేరే పెట్టారు. కన్నీరు తొందరగా ఆరిపోకుండా పైన నూనెపొర పరిచేవి అవే. గ్రంథి మూతి మూసుకుపోతే జిడ్డు లోపలే పేరుకుని కాయ కడుతుందన్నమాట.

దీనికి మొదటి వైద్యం మన వంటింట్లోనే ఉంది. శుభ్రమైన మెత్తని గుడ్డను వేడినీళ్ళలో ముంచి పిండి, ముందు ముంజేతిమీద పెట్టి వేడి చూసుకుని, మూసిన రెప్పమీద పది నిమిషాలు కాపడం పెట్టండి. గుడ్డ చల్లారగానే మళ్ళీ ముంచాలి. రోజుకు మూడు నాలుగుసార్లు. ఇక్కడే మనకు బద్ధకం! రెండు రోజులు చేసి "తగ్గలేదండీ" అంటాం. కొన్ని వారాలు పట్టవచ్చు. చిదమడం మాత్రం వద్దు.

అప్పటికీ కరగకపోతే డాక్టరుగారు తిమ్మిరి సూది వేసి, రెప్ప తిరగేసి, లోపలివైపు చిన్న గాటు పెట్టి గీకేస్తారు. బయటికి మచ్చ కనబడదు, ఆరోజే ఇంటికి రావచ్చు. చిన్నపిల్లలకైతే మత్తు ఇవ్వాల్సి వస్తుంది.

ముక్కు పక్కన రెప్పలమీద పసుపుపచ్చని బిళ్ళలు వస్తే వాటివల్ల కంటికి హాని లేదు. తీయించుకోవడం మీ ఇష్టం. కొలెస్టరాల్ పరీక్ష మాత్రం చేయించుకోండి.

మా వీధిలో అరవై దాటిన ఒకావిడకు కాయ తీసినచోటే మళ్ళీ లేచింది. ఆవిడ "పాతదేగా" అని ఊరుకోబోతే, అక్కడ రెప్పవెంట్రుకలు రాలిపోవడం కోడలు గమనించి తీసుకువెళ్ళింది. ముక్క తీసి పరీక్షిస్తే నూనె గ్రంథి కాన్సరని తేలింది. చిన్నదిగా ఉండగానే పట్టుకోబట్టి కన్ను దక్కింది. ఇది అరుదే, కానీ పాశ్చాత్య దేశాల్లో కంటె మన దేశంలోనే ఎక్కువ కనిపిస్తుంది. అందుకని పెద్దవయసువాళ్ళకు కాయ ఒకేచోట మళ్ళీ వచ్చినా, పుండుపడినా, రక్తం కారినా, తీసిన ముక్కను పరీక్షకు పంపుతున్నారా అని డాక్టరుగారిని అడగండి. మొహమాటపడకండి.