మాదిరి పరీక్షల మార్కులు - చరిత్ర పాఠము
(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



మాదిరి పరీక్షలో చరిత్రకు ఎనుబది మార్కులు వచ్చినవి గదా, ఇక పబ్లిక్ పరీక్షకు భయమేల యని మీలో పలువురు మమ్మడుగుచున్నారు. ఆ ఎనుబది ఎట్లు వచ్చినవో చూడక మేము బదులు చెప్పజాలము.

వేలూరు సిపాయిల తిరుగుబాటునే తీసికొందము. అది 1806 జూలై 10వ తేదీన జరిగినదని గుర్తించుట యొక విద్య. కొత్త తలపాగాను ధరింపుమనుటయు, నొసటి బొట్లను గడ్డములను నిషేధించుటయు సిపాయిలకేల కోపము తెప్పించినవో, కోటలోనుండిన టిప్పు కుమారుల ప్రసక్తి యందేల వచ్చినదో వరుసగా వ్రాయుట వేరొక విద్య. మొదటిది వచ్చి రెండవది రానివాడు తేదీలు నేర్చెను గాని చరిత్ర నేర్వలేదు.

అదే ప్రశ్నపత్రమును మరల వ్రాసినపుడు పెరిగిన మార్కులు జ్ఞాపకమునకు గురుతులేగాని సంసిద్ధతకు గావు. మునుపు చూడని మూడు పత్రములను, పదునైదేసి దినముల యెడముతో, నియమిత కాలములో వ్రాసి, మూడింటను మార్కులు నిలుకడగా నున్నచో మేమును ధైర్యము చెప్పుదుము. ఒకట ఎనుబదియు వేరొకట ఏబదియు వచ్చినచో, తక్కువదానినే లెక్కగొని, ఏ పాఠము దానిని దించెనో వెదకవలెను.

కావున మా మనవి యిది: మార్కుల పట్టికపై సంతకము చేయుటతో సరిపుచ్చక, జవాబు పత్రమును తెప్పించి చూడుడు. తప్పిన ప్రశ్న నొకదానిని తీసి, పుస్తకము మూయించి, కథగా చెప్పుమనుడు. బిడ్డ ఎచ్చట తడబడెనో మీ చెవికే తెలియును. తెలుగు చదువనేరని తల్లులును ఇంటిమాటగా దానిని వినగలరు. మన భాషలో చదువు చెప్పించుటవలని లాభములలో నిదియు నొకటి.