ఏ ప్రాణి గడియారం దానిదే



స్నాతకోత్సవానికి పిలిస్తే గద్దలా ఎగరమని చెప్పడం ఆనవాయితీ. నేను ఒక సొరచేప గురించి, ఒక పాడే పిట్ట గురించి చెబుతాను.

ఉత్తర అట్లాంటిక్, ఆర్కిటిక్ చలినీళ్ల లోతుల్లో తిరిగే గ్రీన్‌లాండ్ సొర ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. చాలా చేపల వయసును ఎముకల మీది వలయాలు చెబుతాయి. దీనిది మెత్తని మృదులాస్థి, లెక్కపెట్టడానికి వలయాలు దొరకవు. కోపెన్‌హేగన్ పరిశోధకులు కంటి కటకాన్ని ఆసరా చేసుకున్నారు. కటకం నడిబొడ్డు తల్లి కడుపులోనే ఏర్పడుతుంది, ఆ తరవాత మారదు. పొరలు ఒలిచి అక్కడి రేడియోకార్బన్ కొలిచారు. 2016లో తేల్చిందేమిటంటే, అయిదు మీటర్ల ఆడసొరకు సుమారు 392 ఏళ్లు. అటూ ఇటూ 120 ఏళ్లు తేడా ఉండొచ్చన్నారు. తక్కువలో తక్కువ వేసుకున్నా 272! మన ఇళ్లలో పాతికేళ్లు దాటగానే సంబంధాల గొడవ మొదలవుతుంది. దానికి ఈడు రావడానికే దాదాపు 150 ఏళ్లు.

ఇక బ్లాక్‌పోల్ వార్బ్లర్. బరువు 12 గ్రాములు, ఇవాళ మీరు అందుకున్న పతకం కన్నా తేలిక. ప్రయాణానికి ముందు తెగ తిని ఒళ్లు రెట్టింపు చేసుకుంటుంది. ఉత్తర అమెరికా ఈశాన్య తీరం నుంచి కరీబియన్ దీవుల దాకా, సముద్రం మీదుగా, రెండు మూడు రోజులు ఆగకుండా 2,270 నుంచి 2,770 కిలోమీటర్లు ఎగురుతుందని 2015లో రుజువైంది. ఈ దారి తెలుసుకోవడానికి పిట్ట వీపున కట్టిన అరగ్రాము పరికరం సమాచారం పంపదు. మరుసటి ఏడాది అదే పిట్టను మళ్లీ పట్టుకుంటేనే లెక్క చేతికొస్తుంది. ఆ ఓపికకు దండం పెట్టాలి.

నిదానం గొప్పదా, వేగం గొప్పదా అనేది పనికిరాని ప్రశ్న. నన్ను కలవరపెట్టేది వేరు. పిట్ట ఏడాది వయసుకే గూడు కడుతుంది. దాని సంఖ్య తగ్గుతూనే ఉంది గానీ, అడవి మిగిలితే త్వరగా కోలుకునే వీలుంది. సొరను కాలేయపు నూనె కోసం ఇరవయ్యో శతాబ్దం మధ్యదాకా వేటాడారు. ఇప్పటికీ వేరే చేపలకు వేసిన వలల్లో పడుతోంది. ఒక పెద్ద ఆడసొర పోతే దాని చోటు నిండడానికి శతాబ్దంన్నర. మన ప్రభుత్వాల గడువేమో అయిదేళ్లు.

జీవశాస్త్ర పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు మత్స్యశాఖలో, అటవీశాఖలో చేరతారు. ఏ చేపను ఎంత పట్టవచ్చు, వేట ఎప్పుడు ఆపాలి అన్న ఫైళ్లు మీ బల్ల మీదికి వస్తాయి. సంతకం పెట్టేముందు, ఆ ప్రాణికి ఈడు ఎన్నేళ్లకు వస్తుందో అందులో రాసి ఉందా అని చూడండి. లేకపోతే ఫైలు వెనక్కి పంపండి.