మరిచిపోయిన మనిషిని దోషిని చేయకండి
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)

పొద్దున్నుంచి పొదుపులు, అప్పులు, రికవరీల గురించి విన్నారు. నేను ఒక జబ్బు గురించి మాట్లాడతాను. దానికి ముందు మా సంఘం చేసిన ఒక తప్పు ఒప్పుకోవాలి.

మా సంఘంలో అరవై రెండేళ్ల అక్క ఒకామె ఉండేది. పేరు చెప్పను. పదిహేనేళ్లలో ఒక్క వాయిదా ఎగ్గొట్టని మనిషి. ఒక నెల మీటింగులో "నేను కట్టేశాను కదమ్మా" అంది. పుస్తకంలో చూస్తే లేదు. పై నెలా అదే మాట. అబద్ధమాడుతోందని జరిమానా వేశాం. అప్పుడు లీడరుని నేనే. ఆమె ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది, మళ్లీ మీటింగుకి రాలేదు. ఏడాది తర్వాత సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే ట్రంకుపెట్టె అడుగున ఆ రెండు వాయిదాల డబ్బూ మూటకట్టి దొరికింది. కట్టేశాననే ఆమె నిజంగా నమ్మింది. తర్వాత ఆసుపత్రిలో చూపిస్తే అల్జీమర్స్ అన్నారు.

ఈ జబ్బును మొదట వివరించింది అలోయిస్ అల్జీమర్ అనే జర్మనీ డాక్టరు. 1901లో ఆయన చూసిన రోగి ఆగస్టె డెటర్ కూడా మనలాంటి ఇల్లాలే. అప్పటికి ఆమెకు 51 ఏళ్లు. పేరు రాయమంటే మొదలుపెట్టి మధ్యలోనే మరిచిపోయేది. 1906లో ఆమె చనిపోయాక మెదడును పరీక్షిస్తే కణాల బయట పేరుకున్న మచ్చలు, కణాల లోపల చిక్కుపడిన దారాల్లాంటివి కనిపించాయి. మొదటివాటిలో ఉండేది అమిలాయిడ్, రెండోవాటిలో ఉండేది టౌ. రెండూ ప్రోటీన్లే. ఇవి పెరిగేకొద్దీ మెదడు కణాలు చచ్చిపోతాయి. కొత్త సంగతులు దాచుకునే భాగం ముందు దెబ్బతింటుంది. అందుకే పెళ్లినాటి పాట గుర్తుంటుంది, పొద్దున తిన్న టిఫిను గుర్తుండదు.

మన దేశంలో అరవై దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా డిమెన్షియా, అంటే మతి తగ్గిపోయే జబ్బు, ఉందని అంచనా. అంటే సుమారు 88 లక్షల మంది. వీరిలో మగవాళ్ల కంటే ఆడవాళ్లు, పట్నాల కంటే పల్లెల వాళ్లు ఎక్కువ. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించేది అల్జీమర్సే.

ఎందుకొస్తుందంటే, ఒకే కారణం లేదు. వయసు పెద్ద కారణం. కొంత వంశం నుంచి వస్తుంది. మన చేతిలో ఉన్నవీ ఉన్నాయి. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల బృందం అలాంటివి 14 చెప్పింది. బీపీ, షుగరు, చెడు కొలెస్ట్రాల్, ఊబకాయం, పొగ, మద్యం, తలకు దెబ్బలు, కదలకుండా కూర్చోవడం, వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, దిగులు జబ్బు, గాలి కాలుష్యం, ఒంటరితనం, చిన్నప్పుడు చదువు లేకపోవడం. ఇవన్నీ సరిచేసుకుంటే నూటికి 45 కేసుల దాకా ఆపవచ్చు లేదా వెనక్కి నెట్టవచ్చునట. ఆడపిల్లను బడి మాన్పించకూడదనడానికి ఇదీ ఒక కారణమే. ఒంటరితనం అన్న మాట చదివినప్పుడు మాత్రం మేం దూరం చేసిన ఆ అక్కే నాకు గుర్తొచ్చింది.

ఇది గాలి సోకడం కాదు, చేతబడి కాదు, అంటుకునేదీ కాదు. అల్యూమినియం గిన్నెల్లో వండితే వస్తుందని కొందరు భయపడతారు. అది రుజువు కాలేదు.

మరి వైద్యం? మొదటి మాట, మరిచిపోయే ప్రతివాళ్లదీ అల్జీమర్స్ కాదు. థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ తగ్గినా, దిగులు జబ్బున్నా, కొన్ని మందుల వల్లా మతిమరుపు వస్తుంది. వీటిలో చాలావాటికి వైద్యంతో గుణం కనిపిస్తుంది. అందుకే "ముసలితనం చాదస్తంలే" అని వదిలేయకుండా రక్తపరీక్షలు, అవసరమైతే మెదడు స్కాను చేయించాలి. రెండు మూడు రోజుల్లోనే హఠాత్తుగా మతి తప్పితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లాంటివీ కారణం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అల్జీమర్స్‌ని పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, గాలంటమిన్, మెమాంటిన్ అనే మందులు కొందరికి కొంతకాలం ఊతమిస్తాయి. డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టకూడదు, మానకూడదు. లెకానెమాబ్ అనే కొత్త సెలైన్ మందుకి 2023లో అమెరికా పూర్తి అనుమతి ఇచ్చింది. అదీ తొలిదశలో జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తుందంతే. ఖరీదు చాలా ఎక్కువ, మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదమూ ఉంది. కాబట్టి "పూర్తిగా తగ్గిస్తాం" అని ఎవరన్నా చెబితే నమ్మి సంఘం అప్పు తీసి కట్టకండమ్మా.

ఇంట్లో చేయగలిగింది చాలా ఉంది. వస్తువులు రోజూ ఒకేచోట పెట్టండి. ఒక్కోసారి ఒక్క పనే చెప్పండి. వాదించకండి. జేబులోనో కొంగుకో ఫోన్ నంబరు రాసిన చీటీ ఉంచండి. స్టవ్ దగ్గర ఒంటరిగా వదలకండి. చూసుకునే కోడలికి, కూతురికి వారంలో ఒక పూటైనా విశ్రాంతి ఇవ్వండి. సలహాకి వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416 ఉన్నాయి.

చివరిగా మా ఉపసంఘం మూడు తీర్మానాలు కోరుతోంది. వాయిదా విషయంలో పెద్దవయసు సభ్యురాలు తడబడితే జరిమానాకి ముందు ఇద్దరు వాళ్లింటికి వెళ్లి మాట్లాడాలి. డబ్బు కట్టిన రోజే పాస్‌బుక్కులో రాసి, ఇంట్లోవాళ్లకీ చెప్పాలి. జబ్బుందని తెలిసిన సభ్యురాలి వేలిముద్ర, నమ్మకస్తులైన కుటుంబసభ్యులు పక్కన లేకుండా ఏ కాగితం మీదా తీసుకోకూడదు.

మేం ఆ అక్క జరిమానా వెనక్కి ఇచ్చేశాం. ఇప్పుడు నెలనెలా కోడలు ఆమెను మీటింగుకి తీసుకొస్తుంది. నా పేరు ఆమెకు గుర్తుండదు. నేను పక్కన కూర్చుంటే మాత్రం చెయ్యి పట్టుకుంటుంది. క్షమించమని ఆమెను అడిగాను. ఏ విషయమో ఆమెకు తెలియలేదు. అందుకే ఆ మాట ఇవాళ మీ అందరి ముందూ చెబుతున్నాను.