చదివిన నవలను తెరపై చూడవచ్చునా?
(సంఘ గ్రంథాలయ శాఖ వారి సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘ మందిరమున "సంస్కార" అను కన్నడ చలనచిత్రమును ప్రదర్శింపవలెనని గ్రంథాలయ శాఖ వారు తలపెట్టగా సభ్యులలో భిన్నాభిప్రాయములు పొడసూపినవి. ఆ నవలను ప్రాణప్రదముగా చదువుకొన్నవారే కొందరు వద్దనుచున్నారు. నవల పేరైనను విననివారు కొందరు చూతమనుచున్నారు. కార్యవర్గము వారు కోరినందున ఈ విషయమై మా అభిప్రాయమును మనవి చేయుచున్నాము.

మొదట నవల సంగతి. యు.ఆర్. అనంతమూర్తి గారి యీ నవల 1965లో వెలువడెను. దుర్వాసపురమను మాధ్వ అగ్రహారమున నారణప్ప అనువాడు మరణించును. అతడు ఆచారమును విడిచి, మద్యమాంసములు సేవించి, చంద్రి అను స్త్రీతో కాపురముండినవాడు, సంతానము లేనివాడు. అతనికి దహనక్రియ ఎవరు చేయవలెను? శవము లేచువరకు అగ్రహారమున ఎవరును అన్నము ముట్టరాదు. చంద్రి తన నగలు తెచ్చి ముందు పెట్టగానే, అంతవరకు మాకు వలదన్నవారే మాకు హక్కున్నదని వాదులాడుదురు. మహాపండితుడైన ప్రాణేశాచార్యుడు శాస్త్రములు తిరుగవేసినను సమాధానము దొరకదు. మారుతి సన్నిధిని వేడినను దొరకదు. ఈలోగా ఎలుకలు చచ్చుచుండును, గ్రద్దలు ఇండ్లపై వ్రాలుచుండును. చదువరికి ఆ శవము తన వీధిలోనే యున్నట్లు తోచును. కలతపెట్టు పుస్తకమనుటలో సందేహము లేదు.

దీనిని 1970లో చిత్రముగా తీసినవారు మనవారే. నెల్లూరున జన్మించి, 1939లో "ఫిడేలు రాగాల డజన్" వెలువరించి తెలుగు కవిత్వమున సంచలనము కలిగించిన పఠాభి గారే యీ పట్టాభిరామరెడ్డి గారు. గిరీశ్ కర్నాడ్ గారు ప్రాణేశాచార్యులుగను, ఆంధ్రదేశమున పుట్టిన స్నేహలతారెడ్డి గారు చంద్రిగను నటించిరి. మదరాసు సెన్సారు వారు తొలుత అనుమతి నిరాకరించిరి. పిమ్మట విడుదలయై, జాతీయోత్తమ చిత్రముగా బహుమతి పొందిన మొదటి కన్నడ చిత్రమాయెను. స్నేహలతారెడ్డి గారు 1976లో అత్యవసర పరిస్థితి కాలమున బెంగుళూరు చెరసాలలో ఉబ్బసముతో బాధపడి, 1977 జనవరిలో విడుదలయిన కొద్దిదినములకే పరమపదించిరి.

ఇక ఆక్షేపణలు మూడు.

మొదటిది: "మేము మనసున కట్టుకొన్న ప్రాణేశాచార్యుడు మాకున్నాడు; తెరపై మరియొక ముఖము చూచినచో మాది చెరిగిపోవును." ఇది నిజమే. ఒక మారు చూచిన ముఖము పుస్తకము తెరచినపుడెల్ల అడ్డువచ్చును. కావున నవల చదువగోరువారు మొదట చదివి, కొంతకాలము మనసున నిలిపి, ఆపైన చూచుట మేలు. అయినను మనలో పెద్దలెందరికో కన్నడలిపి రాదు. ఇంట బిడ్డలు బడిలో కన్నడము చదువుచుండగా, అవ్వలు మాటలు మాత్రము వినియెరిగినవారు. అట్టివారికి ఆ కథ చేరుటకు తెర మంచి మార్గము. చెరిగిపోవుటకు వారి మనసున ఏ ముఖమును లేదు.

తమిళనాట నున్న మన సోదరులకు ఇట్టిదే మరియొక దృష్టాంతము తెలియును. జయకాంతన్ గారు 1966లో "అగ్నిప్రవేశం" అను కథ వ్రాసిరి. మోసపోయి ఇల్లుచేరిన బాలికను తల్లి తలపై నీళ్లు పోసి, నీవు శుద్ధురాలవని ఓదార్చుట అందలి ముగింపు. పాఠకులలో పెద్ద అలజడి పుట్టెను. ఆ తల్లి అట్లు చేయక బయటపెట్టియుండినచో బాలిక గతి ఏమగునో వారు "సిల నేరంగళిల్ సిల మనిదర్గళ్" నవలలో చూపిరి. 1977లో భీమ్‌సింగ్ గారు దానిని చిత్రముగా తీసినపుడు చిత్రానువాదము వ్రాసినవారును జయకాంతన్ గారే. ఒకే కథను కర్తయే మూడుమార్లు చెప్పగా, ఒకటి వేరొకదానిని చెరపివేసెనని ఎవరనగలరు?

రెండవ ఆక్షేపణ: "పుస్తకమున భరించినది తెరపై భరింపలేము." ఇందును సత్యమున్నది. పుస్తకము మూసి ప్రక్కన పెట్టవచ్చును. చీకటి మందిరమున నలుగురి నడుమ కూర్చున్నవాడు లేచిపోవుటకు మొగమాటపడును. 1953 నాటి మన "దేవదాసు" కథయు ఘోరమైనదే. త్రాగి చిక్కిశల్యమైన మనుష్యుడు ప్రియురాలి వాకిట ప్రాణము విడుచుటను మనము కన్నీళ్లతో మరల మరల చూచితిమి. అచట పాటల మాధుర్యము దుఃఖమునకు పూతగా నుండెను. "సంస్కార"కు ఆ పూత లేదు. అయినను పుస్తకమున సగము బరువు ప్రాణేశాచార్యుని అంతరంగ మథనములో నున్నది. ఆ మథనము తెరకెక్కినపుడు ముఖమును, మౌనమును మాత్రమే మిగులును. చూపు బాధ పెరుగును, తలపు బాధ తగ్గును. ఎవరికేది కష్టమో వారే ఎరుగుదురు.

మూడవది: "మనము భాషాల్పసంఖ్యాకులము, పొరుగువారి ఇంటి రచ్చ మనకేల?" తరతరములుగా ఇచట నివసించుచు, ఇచటి నీరు త్రాగుచు, దీనిని పొరుగిల్లనుట తగదు. కన్నడిగులు తమ గౌరవముగా నెంచుకొన్న కృతి యిది. బంగారము కనబడగానే ధర్మము మాట మారుట ఏ కులమున లేదు? ఏ బజారున లేదు? ఒక కులమును దూషించుటకై వచ్చువారు రాకుండుటయే మంచిది.

ఈ మూటికిని మించిన మాట యొకటి ఎవరును పైకి అనుటలేదు. 2020, 2021 సంవత్సరముల మహమ్మారి కాలమున మనలో ఎందరో తలిదండ్రులకును తోబుట్టువులకును స్వహస్తములతో అంత్యక్రియలు చేయజాలకపోయిరి. దూరమున నిలిచి చూచినవారు కొందరు. చూపైనను దక్కనివారు కొందరు. ఎన్నో ఊళ్లలో కులమతములు ఎంచక పరాయివారే ఆ దేహములను సాగనంపిరి. నవలలోను అంతే. అగ్రహారము తర్కించుచుండగా చంద్రి ఒక ముసల్మాను సాయముతో రాత్రివేళ శవమును దహనము చేయించును. ఈ చిత్రము వద్దనువారిలో కొందరి కంఠమున ఆచారభయముకంటె ఆ నాటి గాయమే మాకు వినవచ్చినది. వారికి ఉపదేశము చేయుట క్రూరత్వము. వారు రాకున్న పిరికివారని ఎవరును అనరాదు. రాదలచినవారిని ఆపనురాదు. నాటినుండి ఎవరితోను చెప్పుకొనలేని దుఃఖము అటువంటి కథ ముందు కొంత వెలికివచ్చునేమో.

కావున మా సూచనలివి. ప్రదర్శన జరుగవలెను. కథలోని శవము, మహమ్మారి, మరణముల సంగతి ముందుగనే సభ్యులందరికి తెలుపవలెను. పసిబిడ్డలను తీసికొనిరారాదు. ద్వారము తెరచియుంచి, నడుమ లేచిపోవువారిని ఏమని ప్రశ్నింపరాదు. అంతకుముందు రెండు ఆదివారములు కన్నడము చదువగల మన యువకులు నవలను బిగ్గరగా చదివి, పెద్దలకు తెలుగున అర్థము చెప్పవలెను. చిత్రము ముగిసిన పిమ్మట వెంటనే ఇండ్లకు పోక, కాఫీ త్రాగుచు ఒక గంటసేపు మాటలాడుకొనవలెను.

"సంస్కారము" అను మాట కన్నడమునను తెలుగునను ఒక్కటియే. చచ్చినవానికి చేయు క్రియయు అదే, బ్రతికినవారికి ఉండవలసిన గుణమును అదే. మొదటిది చేయలేకపోయినవారియెడ రెండవదానిని చూపుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.